డాల్డా లేకుంటే గుల్ల రాదా?

ఇంట్లో ఓవెన్ కొన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు వచ్చి తీరుతుంది. బాగుందని ఒక అమెరికా బిస్కెట్ వంటకం ఎంచుకుంటాం. అందులో "కప్పు షార్టెనింగ్" అని ఉంటుంది, అంటే నూనెను గట్టిపరిచి బేకింగ్ కోసం చేసిన కొవ్వు. నల్లగొండలో ఏ కిరాణం షాపుకు వెళ్లి ఆ మాట అన్నా షాపాయన మన మొహం చూస్తాడు. తెలిసినవాళ్లెవరో "డాల్డా లాంటిదేలే" అంటారు. డాల్డా పేరెత్తగానే ఇంట్లో పెద్దవాళ్లు "ఆ పాపిష్టిది మళ్లీ ఎందుకు?" అని అడ్డం పడతారు. ఇక బదులు ఏం వేయాలన్న వెతుకులాట మొదలు. చెప్పేవాళ్లకు కొదవ లేదు. కప్పుకు కప్పు బటర్ వేసేయమని ఒకరు, ఏ నూనైనా ఒకటేనని ఇంకొకరు, అసలు కొవ్వే వద్దు, అరటిపండు పిసికి వేయమని మరొకరు.

అన్ని వంటకాలకూ ఒకటే బదులు చెప్పే మనిషిని నేను నమ్మను. షార్టెనింగ్‌కు బదులు ఏమిటని అడిగే ముందు, ఆ వంటకంలో అది ఏ పని చేస్తోందో చూడాలి. బిస్కెట్‌లో ఒక పని, కేకులో ఇంకో పని, పఫ్‌లో మరో పని. పని మారితే బదులూ మారుతుంది. ఇది మనకు బయటివాళ్లు నేర్పాల్సిన సంగతి కూడా కాదు. పండక్కి పిండివంటలు చేసే ప్రతి ఇంట్లో ఈ తెలివి ఉంది. ఓవెన్ ముందు నిలబడేసరికి అదంతా మర్చిపోయి, యూట్యూబ్ చెప్పిన కప్పులూ స్పూన్లూ పట్టుకుంటాం.

గరిజెలు (కజ్జికాయలు) చేసేటప్పుడు చూడండి. మైదాలో చిటికెడు ఉప్పు వేసి, కాగిన నెయ్యి పోసి, నీళ్ల చుక్క తగలకముందే రెండు చేతులతో పిండిని బాగా రుద్దుతారు. గుప్పెడు పిండి పిడికిట్లో బిగిస్తే ముద్దగా నిలవాలి, వేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోవాలి. అలా వచ్చాకే మా అమ్మ నీళ్ల చెంబు ముట్టుకునేది. అప్పాలకు (చెక్కలకు) బియ్యప్పిండిలో వెన్నో, కాగిన నూనో కలిపేదీ గుల్ల కోసమే. మైదాకు నీళ్లు తగిలి పిసికితే అందులోని ప్రోటీన్లు కలిసి గ్లూటెన్ అనే సాగే జిగురు తయారవుతుంది. రొట్టెకు అది కావాలి, గరిజెకు అక్కర్లేదు. ముందే నెయ్యి పట్టిన పిండికి నీళ్లు సరిగా అందవు, జిగురు పొడవుగా సాగదు, కొరికితే గుల్లగా విరుగుతుంది. బేకింగ్‌లో షార్టెనింగ్ చేసే మొదటి పని అచ్చం ఇదే. ఈ ఒక్క పనికైతే నెయ్యి, వెన్న, నూనె, ఏదైనా సరే.

తేడా వచ్చేది రెండో పని దగ్గర, గాలిని పట్టుకోవడంలో. గట్టి కొవ్వును చక్కెరతో కలిపి బాగా రుద్దితే చక్కెర పలుకుల గరుకుకు కొవ్వులోకి సన్నటి గాలి బుడగలు చేరతాయి. ఓవెన్ వేడికి ఆ బుడగలే ఉబ్బి కేకును, బిస్కెట్‌ను తేలిక చేస్తాయి. బేకింగ్ పౌడర్ ఉన్న బుడగలను పెద్దవి చేస్తుందే తప్ప కొత్తవి పుట్టించదు. నూనెను ఎంత గిలకొట్టినా ఈ బుడగలు నిలవవు. షార్టెనింగ్ గొప్పతనం ఇక్కడుంది. దాని స్ఫటికాలు చాలా సన్నవి, పైగా గది వేడి కాస్త అటూ ఇటూ అయినా అది కారిపోదు, రాయిలా గట్టిపడదు, మెత్తటి ముద్దగానే ఉంటుంది. నల్లగొండ లాంటి ఊళ్లో, మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో, ఇది చిన్న విషయం కాదు.

మా చిన్నప్పుడు ఎండకాలం సెలవుల్లో ఇంటి నుంచే మైదా, చక్కెర, డాల్డా పట్టుకెళ్లి బేకరీలో బిస్కెట్లు చేయించుకునేవాళ్లం. కిలోకు ఇంత అని కూలి. సాయంత్రానికి పెద్ద స్టీలు డబ్బా నిండా బిస్కెట్లు, ఇంకా వేడిగా. బట్టీ ఆయన చెక్క బల్ల మీద డాల్డా, చక్కెర పొడి కుప్ప పోసి అరచేతి మడమతో ముందుకు తోసి, వెనక్కి లాగి, మళ్లీ తోసేవాడు. మొదట్లో గరగరమనే ముద్ద కాసేపటికి చప్పుడు మానేసేది. రంగు పాలిపోయి తెల్లబడేది. వేలితో కొంచెం తీసి నీళ్ల గ్లాసులో వేసి, పైకి తేలాకే మైదా కలిపేవాడు. ఒకసారి మా అమ్మ డాల్డాకు బదులు ఇంటి నెయ్యి పంపితే ఆయన గిన్నె వెనక్కిచ్చేశాడు. "నెయ్యి కారిపోతదమ్మా, బిస్కెట్ పరుచుకుంటది. డాల్డా లేకుంటే గుల్ల రాదు" అన్నాడు.

ఆయన చోట ఆయన మాట నిజమే. మండుతున్న బట్టీ పక్కన, మే నెలలో, నెయ్యి నీళ్లలా ఉంటుంది. నీళ్లలాంటి నెయ్యిలో గాలి నిలవదు. కానీ ఆ మాటను ఊరంతా వేదవాక్కులా పట్టుకుంది. ఇప్పటికీ ఇంట్లో బిస్కెట్లు చేసి అమ్మే అక్కలు కొందరు అదే మాట అంటారు. ఆయనకు ఫ్రిజ్ లేదు, మనకు ఉంది. లోపం నెయ్యిలో లేదు, గది వేడిలో ఉంది.

నెయ్యిని కరిగించి, ఆ గిన్నెను ఐసు ముక్కలు వేసిన నీళ్లలో పెట్టి ఆపకుండా గరిటెతో తిప్పాలి. మెల్లగా చల్లారనిస్తే నెయ్యి పూస కడుతుంది. అన్నంలోకి, పప్పులోకి ఆ పూసే అందం, చూస్తేనే కడుపు నిండుతుంది. బిస్కెట్‌కు మాత్రం పూస పనికిరాదు. పెద్ద పూసలు గాలిని సరిగా పట్టవు. త్వరగా చల్లార్చి తిప్పుతూ ఉంటే పూస కట్టే అవకాశం లేక సన్నగా, క్రీములా గట్టిపడుతుంది. అప్పుడు చక్కెర పొడి వేసి తెల్లబడేదాకా గిలకొట్టాలి. ముద్ద కలిపాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, చల్లటి ముద్దనే ఓవెన్‌లోకి పంపాలి. కొవ్వు పూర్తిగా కరిగేలోపే బిస్కెట్ అంచు గట్టిపడాలి, కిటుకంతా అదే.

కొలతలు అడిగేవాళ్లకు: మైదా 200 గ్రాములు, శనగపిండి 50 గ్రాములు, చక్కెర పొడి 120 గ్రాములు, నెయ్యి 140 గ్రాములు, అర టీస్పూన్ బేకింగ్ పౌడర్, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. ఓవెన్ ముందే 160 డిగ్రీలకు వేడెక్కి ఉండాలి. 18 నుంచి 20 నిమిషాలు. ఓవెన్‌లోంచి తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి, కంగారుపడి ఇంకా కాల్చకండి, చల్లారితే గట్టిపడతాయి. బర్రె నెయ్యి అయితే రంగు తెల్లగా, వాసన నిండుగా వస్తుంది. వేరే వంటకంలో షార్టెనింగ్ అని ఉంటే 100 గ్రాములకు 90 గ్రాముల నెయ్యి చాలు. తూకమే వేయండి. అమెరికా కప్పు షార్టెనింగ్ 190 గ్రాములు, అదే కప్పు కరిగిన నెయ్యి 215 గ్రాముల దాకా తూగుతుంది. కప్పుకు కప్పు పోసి, బిస్కెట్లు ట్రే అంతా పరుచుకుంటే నెయ్యిని తిట్టుకోవడం న్యాయం కాదు.

రుచి సంగతి వేరే చెప్పాలి. డాల్డా వేసిన బిస్కెట్ తిన్నాక అంగిలికి మైనం పూసినట్టు ఒక పొర అంటుకుంటుంది, గమనించారా? టీ తాగితే గానీ పోదు. నోటి వేడి 37 డిగ్రీలు. డాల్డా లాంటి గట్టిపరిచిన నూనెనే వనస్పతి అంటారు. అది కరిగే వేడి 31 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలని మన దేశంలో నిబంధన. పై అంచుకు దగ్గరగా ఉన్న వనస్పతి నోట్లో పూర్తిగా కరగదు. వెన్న, నెయ్యి అంతకు ముందే కరిగి, వాసన వదిలి, నాలుక మీంచి జారిపోతాయి. ఎండకు కారిపోకుండా డాల్డాను కాపాడే గుణమే నోట్లో దాన్ని మొండిగా మిగులుస్తుంది. నేను డాల్డా మానేయడానికి మొదటి కారణం ఈ పొరే, ఆరోగ్యం తర్వాతి మాట.

అసలు షార్టెనింగ్ పుట్టిందే ఒక బదులు సరుకుగా. ద్రవ నూనెలకు హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించే పద్ధతికి జర్మనీలో విల్‌హెల్మ్ నార్మన్ 1902లో పేటెంట్ తీసుకున్నాడు. సబ్బులు, కొవ్వొత్తులు చేసే అమెరికా కంపెనీ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఆ దారిలోనే పత్తిగింజల నూనెను గట్టిపరిచి 1911లో క్రిస్కో పేరుతో అమ్మింది. అంతకుముందు అక్కడి ఇళ్లలో "పై" (pie) అనే వంటకం పిండికి పంది కొవ్వు, వెన్న వాడేవాళ్లు. పత్తి తీశాక మిగిలిన గింజకు గిరాకీ కావాలి, దానికి దొరికిన దారి ఇది. మన జిల్లాలో ఎటు పోయినా కనిపించే పత్తి చేలను చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది. మన దేశంలో డాల్డా 1937లో వచ్చింది, అదీ నెయ్యి స్థానంలోకి. ఆకుపచ్చ చెట్టు బొమ్మున్న పసుపు డబ్బా, అందులోని సరుకు అయిపోయాక ఉప్పుకో, చింతపండుకో, తులసి మొక్కకో పనికొచ్చేది. వనస్పతిని నెయ్యిలో కలిపి అమ్మేవాళ్లను పట్టుకోవడానికి అందులో నువ్వుల నూనె తప్పనిసరిగా కలపాలని ప్రభుత్వం నిబంధన కూడా పెట్టింది. ఆమ్లం, చక్కెర వేసి పరీక్షిస్తే నువ్వుల నూనె ఎర్ర రంగు చూపించి దొంగను పట్టిస్తుంది. ఇంత చరిత్ర ఉన్నాక, నెయ్యిని షార్టెనింగ్‌కు బదులు అని పిలుస్తుంటే నాకు నవ్వొస్తుంది. ఇంటి యజమానిని అద్దెకున్నాయన పేరుతో పిలిచినట్టు.

ఆరోగ్యం గురించి పెద్దవాళ్ల భయం ఊరికే పుట్టలేదు. నూనెకు హైడ్రోజన్ సగం సగం ఎక్కించినప్పుడు ట్రాన్స్ కొవ్వులు తయారవుతాయి. అవి చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి మంచిదాన్ని తగ్గిస్తాయి. అమెరికా ఈ రకం నూనెలు సురక్షితం కావని 2015లో తేల్చింది. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2021 జనవరి నుంచి 3 శాతం, 2022 జనవరి నుంచి 2 శాతం మించకూడదు. కాబట్టి ఇప్పటి ప్యాకెట్ మన చిన్ననాటి డబ్బా కాదు. ఇప్పుడు ఎక్కువగా పామాయిల్ మీద ఆధారపడి చేస్తున్నారు. అలాగని నెయ్యి మందేమీ కాదు. అందులో సంతృప్త కొవ్వు 60 శాతం పైనే. నెయ్యి బిస్కెట్ కాబట్టి పది తినొచ్చు అనేవాళ్లతో నాకు పేచీ ఉంది.

బటర్ సంగతి. ప్యాకెట్ బటర్‌లో కొవ్వు 80 శాతం, మిగతాది చాలావరకు నీళ్లు. షార్టెనింగ్ అంతా కొవ్వే. తూకంలో 100కు 100 వేస్తే కొవ్వు 20 గ్రాములు తగ్గుతుంది. 125 గ్రాములు వేసి, వంటకంలోని పాలో నీళ్లో 20 మిల్లీలీటర్లు తగ్గించాలి. "కప్పుకు కప్పు" అనేవాళ్ల లెక్క మాత్రం చిత్రంగా సరిపోతుంది, కప్పు బటర్ 227 గ్రాములు తూగుతుంది కాబట్టి. పసుపు ప్యాకెట్ అయితే ఉప్పుంటుంది, విడిగా వేయకండి. ఇంట్లో చిలికిన వెన్నను బేకింగ్‌కు నేరుగా వాడొద్దంటాను. ఎంత పిండినా అందులో మజ్జిగ ఎంత మిగిలిందో చెప్పలేం. దాన్ని కాచి నెయ్యి చేసుకోవడమే మేలు.

ఇక నూనె. మా పుట్టిల్లు వనపర్తి దగ్గర. యాసంగిలో ఎటు చూసినా పల్లి చేలే. అక్కడ నూనె అంటే పల్లి నూనె, మిగతావన్నీ దానికి తర్వాతే. అందుకేనేమో, కేకుల్లో నూనె వాడటాన్ని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. కేకుకు నూనె బదులు సరుకు కాదు, చాలా కేకులకు అదే సరైన కొవ్వు. వెన్న కేకు చలికాలం గట్టిపడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే చెక్కలా అవుతుంది. నూనె కేకు మూడో రోజుకు కూడా మెత్తగా ఉంటుంది. కాకపోతే నూనె గాలిని పట్టదు కాబట్టి ఆ పనిని గుడ్లకు అప్పగించాలి. 3 గుడ్లు, 180 గ్రాముల చక్కెర కలిపి, ముద్ద చిక్కబడి, రంగు తెల్లబడి, గరిట ఎత్తితే రిబ్బన్‌లా జారేదాకా గిలకొట్టాలి. అందులో 120 మిల్లీలీటర్ల రిఫైన్డ్ పల్లి నూనె సన్నధారగా పోసి, 60 గ్రాముల పెరుగు, 80 మిల్లీలీటర్ల బత్తాయి రసం కలపాలి. నల్లగొండలో ఉండి బత్తాయి వాడకపోతే ఎట్లా? పైతొక్కును సన్నగా తురిమి వేస్తే వాసన ఇల్లంతా నిండుతుంది. కింది తెల్ల పొర తగలనీయకండి, చేదు. చివరన 200 గ్రాముల మైదా, 2 టీస్పూన్ల బేకింగ్ పౌడర్ జల్లించి మెల్లగా కలిపి, 170 డిగ్రీల దగ్గర 40, 45 నిమిషాలు. షార్టెనింగ్ ఉన్న కేకు వంటకాన్ని ఇలా మార్చుకోవాలంటే 100 గ్రాములకు 80 గ్రాముల నూనె లెక్క.

గానుగ పల్లి నూనె తీపి కేకులో వేయకండి, పల్లి చట్నీ వాసన వస్తుంది. జీలకర్ర, వాము వేసిన ఉప్పు బిస్కెట్లకు మాత్రం దానికి మించింది లేదు. పిండిలో నాలుగో వంతు బియ్యప్పిండి కలిపితే నూనె బిస్కెట్ కూడా బాగా గుల్లబారుతుంది.

అరటిపండు, గుమ్మడికాయ గుజ్జు వేసి కొవ్వు మానేసే పద్ధతి నాకు నచ్చదు. గుజ్జు తడినిస్తుంది, గుల్లనివ్వదు. కేకులో సగం నూనె తగ్గించి సగం గుజ్జు వేస్తే తినగలం, బిస్కెట్‌లో వేస్తే రబ్బరే. పాలమూరు వాళ్లకు ఒక హెచ్చరిక: బాలానగర్ సీతాఫలం ఎంత తియ్యగా ఉన్నా దాని గుజ్జును ఓవెన్‌లో పెట్టకండి. సీతాఫలం గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది. ఐస్‌క్రీములోనో, చల్లటి పాలలోనో కలుపుకోండి.

ఇంట్లో చేసి అమ్మేవాళ్లు ధర గురించి అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డాల్డా కన్నా నెయ్యి ధర నాలుగు రెట్ల పైమాటే. వాళ్లకు నా సలహా, సగం నెయ్యి, సగం రిఫైన్డ్ నూనె. రెండూ కలిపి ఐసు నీళ్ల మీద తిప్పి చల్లార్చి వాడితే బిస్కెట్ పెద్దగా పరుచుకోదు, వాసనా పోదు. శనగపిండి కాస్త పెంచాలి. అట్లా చేసి "నెయ్యి బిస్కెట్లు" అని మాత్రం రాయకండి. కొనేవాళ్లు చవక కోరుకుంటే చవకకు తగ్గదే చేయండి, కాని ఏం వేశారో ప్యాకెట్ మీద చెప్పండి.

మిగిలింది పఫ్. ఇక్కడ బట్టీ ఆయనదే పైచేయి. పఫ్‌కు పిండి పొరకూ పొరకూ మధ్య కొవ్వు విడిగా పరుచుకుని ఉండాలి. ఓవెన్‌లో పిండిలోని తడి ఆవిరై ఆ పొరలను పైకి లేపుతుంది. అప్పడాల కర్రతో ఒత్తుతున్నంతసేపూ ఆ కొవ్వు విరగకూడదు, కారకూడదు. బటర్ ఇలా వంగేది 15 నుంచి 20 డిగ్రీల మధ్య. మన వంటగది ఎండకాలం ఎప్పుడూ 35 పైనే. నెయ్యి ఇంకా కష్టం, ఫ్రిజ్‌లోంచి తీస్తే పెళుసు, నిమిషం ఆగితే నూనె. బేకరీల్లో ఇందుకే గట్టి మార్గరిన్ (నూనెలతో చేసే వెన్నలాంటి కొవ్వు) వాడతారు. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున బటర్‌తో చేయొచ్చు, ఓపిక ఉంటే.

ఎండకాలానికి నారాయణపేటలో మా చిన్నమ్మ చిరోటీలకు చేసే పద్ధతే దిక్కు. మూడు చెంచాల నెయ్యిలో రెండు చెంచాల బియ్యప్పిండి వేసి నురగ వచ్చేదాకా వేళ్లతో గిలకొడుతుంది. బియ్యప్పిండి నెయ్యిని పట్టి ఆపుతుంది, ఎండలో కూడా ముద్ద తేలిగ్గా కారిపోదు. పల్చగా ఒత్తిన మూడు పూరీలకు ఆ ముద్ద రాసి, ఒకదాని మీద ఒకటి పరిచి, చాపలా చుట్టి, ముక్కలు కోసి, ఒక్కో ముక్కను మెల్లగా ఒత్తుతుంది. ఆమె నూనెలో వేయిస్తుంది, నేను 190 డిగ్రీల ఓవెన్‌లో పెడతా. జీలకర్ర, ఉప్పు వేస్తే ఖారా బిస్కెట్‌కు ఏమాత్రం తీసిపోదు, టీలో ముంచుకోవచ్చు. ఎగ్ పఫ్ అంత ఎత్తున పొరలు లేవవు, లేస్తాయని అబద్ధం చెప్పను. ఎగ్ పఫ్ తినాలనిపించినప్పుడు బస్టాండ్ దగ్గరి బేకరీకే పోతా, అందులో మార్గరిన్ ఉందని తెలిసే తింటా.